బడి గంట, గుడి గంట

సోమవారం సాయంత్రం నడిపివాడి డైరీలో ఎర్ర సిరా కనబడింది. "రెండో పీరియడ్‌లో నిద్రపోయాడు. లెక్కల హోంవర్కు మూడు రోజులుగా లేదు. తల్లి గాని తండ్రి గాని రేపు వచ్చి కలవాలి." కింద క్లాస్ టీచరు సంతకం. ఆ పేజీ మడతలో చిటికెడు వెండి మెరుపుల పొడి అంటుకుని ఉంది. ఆదివారం రాత్రి గుడిలో పశువుల తొట్టి అలంకరించి వచ్చి, ఆ చేతులతోనే సంచి సర్దుకున్నాడన్నమాట.

మాది గుంటూరు. నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. ముగ్గురు పిల్లలు. పెద్దది పదో తరగతి, నడిపివాడు ఏడు, చిన్నది రెండు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. డిసెంబరు వచ్చిందంటే మా గోడ మీద క్యాలెండరు నిండిపోతుంది. బడి పనులు నేను నల్ల పెన్నుతో రాస్తాను, గుడి పనులు అత్తయ్యగారు నీలం పెన్నుతో రాస్తారు. 2024 డిసెంబరు 9 నుంచి 15 దాకా ఉన్న ఏడు గళ్ళలో వేలు పెట్టడానికి చోటు లేదు. నల్ల పెన్నుతో పదో తరగతికి రోజూ రాత్రి ఏడున్నర దాకా స్టడీ అవర్, స్లిప్ టెస్టులు, నామినల్ రోల్ సంతకం, ఫీజు, చిన్నదాని క్లాసులో సెమీ క్రిస్మస్. నీలం పెన్నుతో స్త్రీల సమాజం క్రిస్మస్, క్వయర్ ప్రాక్టీసు, సండేస్కూలు నాటకం, క్యారల్స్, గుడికి సున్నాలు, ఇంట్లో అరిసెలు. రెండు రంగులూ అడిగేది ఒకే వేళని. సాయంత్రం ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా. ఆ ఐదు గంటలూ పిల్లల ఒంట్లోంచి రావాల్సిందే.

మిషనరీ బడుల్లో చదివే పిల్లలకు క్రిస్మస్‌కి ఎక్కువ రోజులు సెలవులిచ్చి సంక్రాంతికి తగ్గిస్తారు. మిగతా బడుల్లో సంక్రాంతి సెలవులు పెద్దవి, క్రిస్మస్‌కి పండగ రోజు వరకే. మా పిల్లలది రెండో రకం బడి. 24న కూడా పెద్దదానికి స్లిప్ టెస్టు ఉంది. మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఇదే సంగతి. ఈ వారం నా ఇంట్లో జరిగింది రాస్తున్నానంటే, మా ఇల్లు వింతదని కాదు.

ఎర్ర సిరా చూడగానే నాకు ముందు తోచింది క్యారల్స్. శనివారం రాత్రి ఒంటిగంటకి వచ్చాడు. ఆదివారం కూడా అంతే. వాడు డోలక్ వాయిస్తాడు. పదకొండేళ్ళప్పటి నుంచి గుడిలో వాయిస్తున్నాడు. వాడు లేకపోతే యూత్‌వాళ్ళు బయల్దేరరు. "రేపటి నుంచి డోలక్ ముట్టుకోవద్దు" అన్నాను. వాడేమీ అనలేదు. అన్నం కలుపుకుంటూ తల ఊపాడు. ఎదురు చెప్పే పిల్లాడైతే నాకు ధైర్యంగా ఉండేది.

మంగళవారం డ్యూటీ దిగి మూడింటికి బడికి వెళ్ళాను, యూనిఫాం మీదే. క్లాస్ టీచరే లెక్కల టీచరు. నాకంటే చిన్నది. కుర్చీ జరిపి కూర్చోమంది.

"మీవాడు అల్లరి చేయడు మేడం. అల్లరి చేస్తే నాకు తేలిక. వీడు బెంచీ మీద ఉంటాడు, క్లాసులో ఉండడు" అంది. "రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు?"

చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"శనివారం మా వీధికి కూడా వచ్చారు. మా అమ్మ బయటికొచ్చి నిలబడి విన్నది. డోలక్ ఎవరో బాగా వాయిస్తున్నారంది. వీడేనా?" అని కాసేపు నా మొహంలోకి చూసింది. "బాగా వాయిస్తాడు మేడం. కాకపోతే సోమవారం రెండో పీరియడ్ నాది."

తర్వాత వాడి నోటుబుక్కు నా ముందు పెట్టింది. మూడింట రెండుకి నాలుగింట ఒకటి కలపమంటే, వాడు పైనున్నవి పైన కూడాడు, కిందున్నవి కింద కూడాడు. ఏడింట మూడు అని రాసి గీత గీశాడు. పేజీ నిండా అదే. గుండ్రటి చేతిరాత, ఎక్కడా కొట్టివేత లేదు. తప్పని తెలియకుండా చేసిన తప్పు అది.

"ఇది నిద్ర చాలక చేసింది కాదు" అంది టీచరు. "భిన్నం అంటే ఏంటో వీడికి ఎవరూ చూపించలేదు. రొట్టె ముక్క చేసి చూపించాల్సిన వయసులో చూపించలేదు. వీడొక్కడే కాదు, ఈ క్లాసులో పదిమంది దాకా ఉన్నారు ఇలాంటోళ్ళు. వీళ్ళు మూడో తరగతి ఎప్పుడు చదివారో లెక్కేసుకోండి."

లెక్కేసుకున్నాను. 2020-21. ఆ లెక్క నాకు వేళ్ళు మడవక్కర్లేకుండానే తెలుసు.

2020 మార్చిలో బడులు మూసినప్పుడు వాడు రెండో తరగతి ఆఖర్లో ఉన్నాడు. చిన్న తరగతుల పిల్లలు మళ్ళీ బడి మెట్లెక్కింది 2021 ఫిబ్రవరిలో. ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చి మళ్ళీ మూతపడింది. ఆ ఏడాదంతా నేను కోవిడ్ వార్డులో ఉన్నాను. డ్యూటీ అయిపోయాక కూడా పిల్లలకి దూరంగా, వరండాలో వేరే మంచం మీద పడుకునేదాన్ని. ఇంట్లో పాఠాలకి పనికొచ్చే ఫోను ఒక్కటే. పెద్దదాని క్లాసూ వీడి క్లాసూ ఒకే వేళకి. పెద్దది ఆరో తరగతి, దానికి ముఖ్యమన్నాం. "నాకు తర్వాత చూపించండి" అని వీడు పక్కకి జరిగేవాడు. ఆ తర్వాత అనేది రాలేదు. సిగ్నల్ ఉంటే బ్యాలెన్సు లేదు, బ్యాలెన్సు ఉంటే ఫోను వాళ్ళ నాన్న జేబులో ఉంది. గోలపెట్టని పిల్లాడు కాబట్టి ఎవరం గమనించలేదు. డోలక్ మీద చెయ్యి వేయడం కూడా వాడు ఆ రోజుల్లోనే నేర్చుకున్నాడు. నాయనమ్మ పీట మీద కూర్చుని కీర్తన అందుకుంటే, వీడు ప్లాస్టిక్ బకెట్టు తిరగేసి దరువేసేవాడు. ఆ ఏడాది వాడికి ఎవరైనా ఎదురుగా కూర్చుని ఏమైనా నేర్పారంటే అదొక్కటే. దాన్నే నేను సోమవారం రాత్రి ముట్టుకోవద్దన్నాను.

టీచరు ఒక మాట చెప్పింది. వారానికి మూడు రోజులు ప్రేయర్‌కి ముందు అరగంట, ఎనిమిదింటికి పంపిస్తే, ఆ పదిమందికీ మూడో తరగతి నుంచి చెప్పుకొస్తానంది. డబ్బు మాటే ఎత్తలేదు. "కానీ మెలకువగా ఉన్న పిల్లాణ్ణి పంపండి" అంది. మొత్తం లెక్కలో నా వాటా ఏమిటో ఆ మాటతో తెలిసింది.

బుధవారం పెద్దదాని వంతు. పదో తరగతి పరీక్షలు మార్చి 17న మొదలవుతాయని టైంటేబుల్ వచ్చేసింది. అది గోడ మీద అతికించుకుని, పక్కన వంద గళ్ళు గీసుకుని రోజుకొకటి కొట్టేస్తోంది. ఆ రోజు బడిలో నామినల్ రోల్, అంటే పరీక్ష రాసేవాళ్ళ పట్టీ, సరిచూసుకుని సంతకం పెట్టమన్నారు. పేరు చూసుకుని ఏడ్చుకుంటూ ఫోను చేసింది.

దానికి ఎస్తేరు రాణి పేరు పెట్టుకున్నాం. తెలుగులో రాస్తే ఏ తకరారూ లేదు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆధార్‌లో 'హెచ్' ఉంది, బడి రిజిస్టర్లో 'హెచ్' లేదు. ఎల్‌కేజీలో చేర్చినప్పుడు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసుకున్నాడు, మేం చూసుకోలేదు. పదో తరగతి సర్టిఫికెట్ మీద పడిన పేరూ పుట్టిన తేదీ బతుకంతా వెంట వస్తాయి. ఇంటర్‌కి, ఉద్యోగానికి, పాస్‌పోర్టుకి, అన్నిటికీ అదే మూలం. బైబిలు పేర్లున్న తెలుగు ఇళ్ళల్లో ఈ బాధ తరచూ కనబడుతుంది. సమూయేలును ఒకచోట శామ్యూల్ అని, ఇంకోచోట సామ్యేల్ అని రాస్తారు. యోహాను కాస్తా జాన్ అవుతాడు, మరియమ్మ ఒక కాగితంలో మేరీ, ఇంకో కాగితంలో మరియ. ఇంటిపేరు ముందు రాశారా, వెనక రాశారా అన్నది వేరే గొడవ. ఇప్పుడు బడి పిల్లలకి 12 అంకెల అపార్ నంబరు ఇవ్వడానికి బడి రికార్డునీ ఆధార్‌నీ పక్కపక్కన పెడుతున్నారు కాబట్టి, ఇన్నాళ్ళు సర్దుకుపోయిన అక్షరాలన్నీ బయటపడుతున్నాయి.

అత్తయ్యగారు పెట్టె తెరిచి మనవరాలి బాప్తిస్మం కాగితం తీశారు. లూథరన్లలో పసిబిడ్డగా ఉన్నప్పుడే బాప్తిస్మం ఇస్తారు, సంఘం రిజిస్టర్లో పేరూ పుట్టిన తేదీ ఎక్కిస్తారు. నేను ఒంగోలు వైపు బాప్తిస్టుల ఆడపిల్లని. మాకు ఊహ తెలిశాకే, నీళ్ళల్లో ముంచి ఇస్తారు. అందుకని నాకు అలాంటి చిన్ననాటి కాగితమేదీ లేదు, ఆయనకుంది, పిల్లలకుంది. ఒకప్పుడు ఊళ్ళల్లో పుట్టినరోజుకి ఆధారం అడిగితే చూపించడానికి ఉన్నది ఆ రిజిస్టరే. "మీ మామయ్యకి ఉద్యోగం వచ్చింది ఇలాంటి కాగితంతోనే" అన్నారు అత్తయ్యగారు. బడి గుమాస్తా ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకుని మర్యాదగానే చదివి, తిరిగి ఇచ్చేశాడు. "ఇది ఇప్పుడు చెల్లదమ్మా. మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్టు, ఆధార్ జిరాక్సు, ఒక అర్జీ. అంతే."

బర్త్ సర్టిఫికెట్టు తీసి చూస్తే పేరు గడి ఖాళీగా ఉంది. ఆసుపత్రి నుంచి పేరు పెట్టకముందే నమోదైనవి చాలావాటికి ఇలాగే ఉంటుంది, తర్వాత వెళ్ళి పేరు ఎక్కించుకోవాలి. వెళ్ళనే లేదు మేం. కన్నవాళ్ళందరికీ ఇది చెప్పాలనిపిస్తుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం నుంచి చాలా పనులకు పుట్టిన తేదీ రుజువు ఆ సర్టిఫికెట్టే. ఇవాళే తీసి ఆ గడి చూడండి. పదో తరగతి దాకా ఆగొద్దు.

మా ఆయన ముందు రాత్రి నైట్ ఔట్ చేసి వచ్చి, నిద్ర మానేసి మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాడు. పెద్దది ఆ సాయంత్రం క్వయర్‌కి రానంది. "పేరే లేనిదాన్ని, పాటేం పాడను" అంది. దాని గొంతులో అంత చేదు నేనెప్పుడూ వినలేదు. స్టడీ అవర్ నుంచి ఏడున్నరకి వచ్చి, ఎనిమిదింటికి గుడికి పరిగెత్తి, తొమ్మిదిన్నరకి మళ్ళీ పుస్తకం తీసే పిల్ల. అలిసిపోయింది. నేను బలవంతపెట్టలేదు. అత్తయ్యగారే పక్కన కూర్చుని తల దువ్వుతూ పాక కథ మొదలుపెట్టారు.

ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు, అయినా ఆవిడ చెబుతుంటే వింటాం. మా మామగారి తాతగారు పల్నాడులో ఒక పల్లెకి ఉపదేశి. ఒక తాటాకు పాక. పగలు అదే బడి, రాత్రి అదే ప్రార్థన మందిరం, పలకలు పట్టుకునేదీ కీర్తన పాడేదీ ఆ పిల్లలే, పంతులూ ఆయనే. మాలపల్లె, మాదిగపల్లె పిల్లల్ని ఊరి బళ్ళో అరుగు ఎక్కనివ్వని కాలం. పాక దీపం ఆరిపోయాక కూడా పెద్దవాళ్ళు చీకట్లో కూర్చుని అక్షరాలు ఇసకలో రాసి, వేలితో తడిమి చూసుకునేవారట. క్రిస్మస్‌కి ఆ పాక నుంచే పాటలు పాడుకుంటూ బయల్దేరేవారు. "బడి ఎక్కడ అయిపోయిందో గుడి ఎక్కడ మొదలైందో మాకు తెలీదు" అంటారు ఆవిడ.

ఇది ఒక్క మా ఇంటి కథే అయితే ఇక్కడ రాయక్కర్లేదు. గుంటూరుకి జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అనే అమెరికన్ లూథరన్ పాదిరి వచ్చింది 1842 జూలై 31న. అప్పటి కలెక్టరు స్టోక్స్ ఆయనకి అండగా నిలిచాడు. ఆయన బోధతో పాటే బడులూ మొదలయ్యాయి. ఆ వరసలోనే 1885లో ఇప్పటి ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ వచ్చింది. వినుకొండలో పుట్టిన కవి జాషువా ఇదే గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పాఠాలు చెప్పారు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మా ఒంగోలు వైపు, ధాత కరువులో బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని పట్టి, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇచ్చాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. మా పుట్టింటి పెద్దలు ఆ ఏటి కథ చెప్పకుండా ఏ పండగా చేయరు. మెతుకు సీమలో ఉన్న మా చెల్లెలు మెదక్ గుడి గురించి చెబుతుంది. కరువు రోజుల్లో పోస్నెట్ పాదిరి పని కల్పించి కట్టించిన ఆ గుడిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 2024 క్రిస్మస్‌కి సరిగ్గా నూరేళ్ళు. ఆ తెల్లవారుజాము ఆరాధనకి ఈసారి మమ్మల్ని రమ్మని నెల నుంచి పిలుస్తోంది. 24న స్లిప్ టెస్టు ఉందే, ఎలా వెళ్ళేది?

పాక ఒకటిగా ఉన్నప్పుడు పిల్లవాడు ఒకే గంట వినేవాడు. ఇప్పుడు రెండు గంటలు. రెండూ వాణ్ణి తనవాడే అంటాయి, ఒకదాని కబురు ఇంకోదానికి తెలియదు. గుడిలో పిల్లాడు మార్చిలో పరీక్ష రాయాలని క్యారల్స్ లిస్టు వేసేవాళ్ళకి గుర్తుండదు. ఆ పిల్లాడు అరవై మంది ముందు భయం లేకుండా నిలబడతాడని బడికి తెలియదు. మధ్యలో వార్త మోసేది ఇల్లే. మా ఇంట్లో ఆ పని నాది. ఇన్నాళ్ళూ సరిగ్గా మోయలేదని మంగళవారం ఆ నోటుబుక్కు చూశాక అర్థమైంది.

గురువారం రాత్రి చిన్నదాని బట్టలు కుట్టాను. బడిలో సెమీ క్రిస్మస్‌కి అది మరియమ్మ, గుడి నాటకంలో దేవదూత. క్లాసులో క్రైస్తవుల పిల్ల ఇదొక్కతే కాబట్టి ఆ వేషం దీనికిచ్చారు. నీలం ఓణీ నా పాత చీరలోంచి వచ్చింది. దేవదూత తెల్ల గౌను పెద్దదాని మొదటి పరిశుద్ధ సంస్కారం గౌను కత్తిరించి తయారైంది. శుక్రవారం బడికి వెళ్ళి ఒళ్ళో బొమ్మతో అరగంట కదలకుండా కూర్చుందట. బొమ్మకి జలుబు చేస్తుందని చివర్లో తన స్వెట్టర్ విప్పి కప్పిందట. దాని టీచరు ఫోనులో చెప్పి నవ్వుతూంటే నాకు ఆ వారంలో మొదటిసారి ఊపిరి ఆడింది.

శుక్రవారం సాయంత్రం స్త్రీల సమాజం ప్రార్థన అయ్యాక, కమిటీ కూర్చున్నచోటికి నేనూ వెళ్ళాను. సామాన్యంగా ఆడవాళ్ళం అక్కడ టీలు ఇచ్చి వచ్చేస్తాం. ఆ రోజు నిలబడ్డాను. పదో తరగతి లోపు పిల్లల్ని రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఇళ్ళకి చేర్చాలని అడిగాను.

సంఘ పెద్ద ఒకాయన, నాకు మావయ్య వరస, నొచ్చుకున్నారు. "ఏడాదికోసారి వచ్చే పండగమ్మా. మేం తెల్లారేదాకా తిరిగాం. చెడిపోయామా?"

"మీరు తిరిగినప్పుడు సంఘమంతా ఒక్క పేటలో ఉండేది మావయ్యగారూ. నడిచి తిరిగి వచ్చేసేవారు. ఇప్పుడు ఒక ఇల్లు బ్రాడీపేటలో ఉంటే ఇంకోటి నల్లపాడు దాటాక ఉంది. ఆటోల్లో తిరగడానికే సగం రాత్రి పోతోంది" అన్నాను. నిజానికి అదే కారణం. అపార్టుమెంట్లు లేచి, కాలనీలు పెరిగి, సంఘం ఊరంతా చెల్లాచెదరయింది. ఏ ఇంటినీ వదలకూడదని మనసు. వదిలితే ఆ ఇంటి ముసలమ్మ ఏడుస్తుంది, అదీ నిజమే. దీపం పెట్టుకుని, కానుక కవరు చేత్తో పట్టుకుని, రాత్రి రెండింటి దాకా కుర్చీలో కూర్చునే పెద్దవాళ్ళని నేనూ ఎరుగుదును.

ఇంకో మాట కూడా అన్నాను, అది నర్సుగా అన్నాను. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు వాడకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. వార్డులో ఆపరేషన్ చేయించుకుని పడుకున్నవాళ్ళకి ఆ స్పీకరు మోత ఎలా తగులుతుందో నాకు తెలుసు. పదయ్యాక గొంతుతో పాడదాం, డోలకూ తాళాలూ చాలు, మన తాతలు పాడింది అలాగే కదా అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పాస్టరు అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "పిల్లల జట్టు ఆరింటికి బయల్దేరి దగ్గర ఇళ్ళకి వెళ్ళొస్తుంది, పెద్దల జట్టు తర్వాత దూరం వెళుతుంది. మైకు పదికి కట్టేద్దాం" అన్నారు. మావయ్యగారు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం "మరి డోలక్ ఎవరు వాయిస్తారు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

శనివారం రెండో శనివారం. పెద్దదానికి మాత్రం స్టడీ ఉంది, వెళ్ళింది. మా ఆయనకి వీక్లీ ఆఫ్. మా ఇంటి పని చూడాలంటే ఆ రోజు రావాలి ఎవరైనా. అత్తయ్యగారు శుక్రవారం పొద్దున నానబోసిన బియ్యం వార్చి, తడి ఆరకుండానే పిండి పట్టించారు. బెల్లం పాకం ఉండకట్టే దాకా కాచి, పిండి పోస్తూ కలుపుతుంటే ఇల్లంతా ఆ వాసనే. నువ్వులద్ది, ఆకు మీద తట్టి, నూనెలో పొంగగానే తీసి, చెక్కల మధ్య పెట్టి ఒత్తడం చిన్నదాని పని. నూనె కారి దాని మోచేతుల దాకా వచ్చింది.

వరండాలో తండ్రీ కొడుకులు నక్షత్రం కడుతున్నారు. అంగట్లో దొరికేది మడత విప్పితే చాలు, నక్షత్రం తయారు. రంగులు మారే ఎల్ఈడీలవీ వచ్చాయి. కానీ మా మామగారు ఏటా చేత్తో కట్టేవారు, ఈయన ఆ పద్ధతి వదల్లేదు. పది వెదురు బద్దలు ఒకే కొలతకి కోయాలి. అయిదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టాలి, ముడి కదలకుండా ప్రతి చోటా దారం అడ్డంగా నిలువుగా తిప్పాలి. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొసలూ బిగించాక, లోపలి మూలల్లో జానెడు పుల్లలు అయిదు నిలబెడితే మధ్య ఉబ్బి బొమ్మ లేస్తుంది. ఆ చివరి పుల్ల నిలబెట్టేటప్పుడే కొసలు ఊడొస్తాయి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు తోయాలి. పట్నంబజారులో కొన్న ఎర్ర గ్లేజ్ కాగితం, మైదా పిండి బంక. బల్బు కోసం వెనకవైపు ఒక్క రేకు అతికించకుండా వదిలేయాలి. వాడు రెండు మోకాళ్ళ మధ్య చుక్కని పట్టుకుని, పళ్ళతో దారం తెంపుతుంటే చూశాను. మూడు గంటలు కదల్లేదు. ఒక్క కొలత తప్పలేదు.

"సోమవారం ఎనిమిదింటికి టీచర్ దగ్గరికి వెళ్ళాలి, తెలుసుగా" అన్నాను.

"తెలుసు" అన్నాడు. కాసేపాగి, "ఎవరెవరు వస్తున్నారు?" అన్నాడు. పేర్లు చెప్పాను. వాటిలో ఒక పేరు విన్నాక మొహం తేటపడింది. తనొక్కడే కాదని తెలియడం వాడికి అవసరమైందేమో.

పెద్దది స్టడీ నుంచి వచ్చేసరికి చీకటి పడింది. వాళ్ళ నాన్న దాని చేతికి మున్సిపాలిటీ రసీదు ఇచ్చాడు. పేరు ఎక్కడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది, అర్జీ అందినట్టు ముద్ర మాత్రం ఉంది. బడివాళ్ళు అది చాలన్నారు, నామినల్ రోల్‌లో దిద్దారు. 'హెచ్' చేరింది. అది రసీదు మడిచి పెన్సిల్ బాక్సులో పెట్టుకుని, అరిసె ఒకటి నోట్లో వేసుకుని, "ప్రాక్టీసుకి వెళ్ళొస్తా, తొమ్మిదికల్లా వచ్చేస్తా" అంది.

పిల్లల జట్టు ఆరింటికి బయల్దేరింది. ఈసారి నేను వద్దనలేదు. నడిపివాడు డోలక్ మెడకి తగిలించుకుని వెళ్ళి, తొమ్మిదీ ఇరవైకి ఇంటికొచ్చాడు. పెద్దల జట్టు మా ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. మైకు లేదు. గేటు ముందు తాళాల చప్పుడు, అరడజను గొంతులు. వీధిలో ఎదురింటివాళ్ళ కిటికీ తెరుచుకుంది. పురుషోత్తమ చౌధరి కీర్తన అందుకున్నారు. 1803లో పుట్టి ఎనభై ఏళ్ళు దాటి బతికి, మన రాగాల్లో మన తాళాల్లో భక్తి పాడుకునేలా చేసిన మనిషి. కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తి మీదా రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి. అత్తయ్యగారికి ఆ పుస్తకం అక్కర్లేదు, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని గొంతు కలిపారు. డోలక్ వాయిస్తున్నది డిగ్రీ చదివే కుర్రాడు. మామూలుగా కీబోర్డు వాయిస్తాడు. రెండో చరణానికి తాళం జారింది.

వెనక్కి తిరిగితే నడిపివాడు దుప్పటి కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి తలుపు చెక్క మీద ఆడుతోంది.

మావయ్యగారు వాణ్ణి చూశారు. తర్వాత నావైపు చూశారు. ఏమీ అనలేదు.

"ఒక్క పాట" అన్నాను.

దుప్పటి నా చేతిలో పడేసి మెట్లు దిగాడు. ఆ కుర్రాడు నవ్వుతూ డోలక్ మెడలోంచి తీసిచ్చాడు. నక్షత్రం ఎర్రటి వెలుగు వాడి చేతుల మీద పడింది. కీర్తన మొదటి నుంచి మళ్ళీ అందుకున్నారు. పాట అయ్యాక అయ్యగారు ప్రార్థన చేశారు, అరిసెలూ టీ ఇచ్చాం, చిన్నది నిద్రలోనే క్రిస్మస్ తాత చేతిలోంచి చాక్లెట్ అందుకుంది. ఆటో కదిలేటప్పుడు వాడు నావైపు చూశాడు. "పక్క వీధి దాకా?" అన్నాడు మెల్లగా. తల అడ్డంగా ఊపాను. డోలక్ ఇచ్చేసి వచ్చి పడుకున్నాడు.

పక్క వీధిలోంచి పాట వినబడుతోంది. లైటు తీసి నేనూ నడుం వాల్చాను.

"అమ్మా, రెండో చరణంలో మళ్ళీ తప్పాడు" అన్నాడు దుప్పట్లోంచి.

"విన్నాన్లే నాన్నా. పడుకో."